ప్రేమించింది ఇద్దరు, పని పోయింది ఒక్కరికి: సినీ పెద్దలకు విశాఖ నుంచి బహిరంగ లేఖ

తెలుగు సినీ నిర్మాతల, దర్శకుల, సాంకేతిక నిపుణుల సంఘాల పెద్దలకు,
విశాఖలో షూటింగులు చేసే నిర్మాణ సంస్థల యజమానులకు,
రాష్ట్ర చలనచిత్ర, టీవీ, నాటకరంగ అభివృద్ధి సంస్థ అధికారులకు,
విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం.

నేను సహాయ దర్శకురాలిని. వయసు 26. మా ఇల్లు గాజువాక. మా నాన్న ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళలు చదివి, ఆ తరువాత విశాఖకు వచ్చే యూనిట్లలో కంటిన్యుటీ చూస్తున్నాను. ఈ లేఖ కింద నాతో పాటు సంతకం చేస్తున్నది కెమెరా విభాగంలో పనిచేసే ఒక ఫోకస్ పుల్లర్, అంటే షాటులో మనిషి మసకబారకుండా లెన్సు ఫోకస్ సరిచేసేవాడు. అతనిది భీమిలి. మేమిద్దరం ప్రేమించుకున్నాం. ఆ కారణంగా నా పని పోయింది. అతని పని పోలేదు.

దీని గురించి ఇంతకు ముందు మూడు లేఖలు రాశాను. మొదటిది నిర్మాణ సంస్థకు, రెండోది ఒక సంఘానికి, మూడోది ఒక ప్రభుత్వ కార్యాలయానికి. మూడింటికీ స్పీడ్ పోస్టు రసీదులు నా దగ్గర ఉన్నాయి. జవాబు ఒక్కదానికీ లేదు. అందుకే ఇప్పుడు అందరికీ కలిపి, అందరి ముందూ రాస్తున్నాను. సంస్థ పేరు, సినిమా పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. పేర్లు రాస్తే ఇది ఆ ఒక్క యూనిట్ గొడవ అయిపోతుంది, మిగిలినవారు హాయిగా చదివి పక్కన పెట్టేస్తారు. అలా జరగడం నాకు ఇష్టం లేదు.

ముందు జరిగింది చెబుతాను. నా పనే వివరాలు రాసుకోవడం. నాయిక ఎడమ చేతికి ఎన్ని గాజులున్నాయి, గ్లాసులో టీ ఎంత మిగిలింది, పైట ఏ భుజం మీద ఉంది, తలుపు ఎంత తెరిచి ఉంది, ఇవన్నీ షాటు షాటుకూ నోట్‌బుక్కులో ఎక్కాలి. భీమిలిలో సగం తీసిన దృశ్యానికి మిగతా సగం మూడు వారాల తరువాత అరకులో తీసినా తేడా కనిపించకూడదు. ఆ అలవాటు కొద్దీ నా సంగతి కూడా తేదీలతో, వేళలతో అదే నోట్‌బుక్కులో రాసుకున్నాను.

అది పోయిన నవంబరులో మొదలైన 41 రోజుల షెడ్యూలు. భీమిలి, యారాడ, చివర అరకు. లైటింగ్ చేసేటప్పుడు నాయిక కారవాన్‌లో ఉంటారు కాబట్టి ఆమె స్థానంలో ఎవరో ఒకరు నిలబడాలి. ఎత్తు సరిపోయిందని నన్ను నిలబెట్టేవారు. అతను టేపు ఒక కొసను కెమెరా కొక్కేనికి తగిలించి, రెండో కొస తెచ్చి నా కంటి దగ్గర ఆపి దూరం కొలిచేవాడు. ఏడడుగుల నాలుగంగుళాలు. అయిదడుగుల పదకొండు. అంకె పైకి చదివి, లెన్సు దగ్గర పెన్సిలుతో గుర్తు పెట్టుకోవడానికి వెళ్లిపోయేవాడు. ఏడో రోజు భీమిలి లైట్‌హౌస్ దగ్గర టేపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు, అంకె చెప్పడం మరిచిపోయాడు. వెనక నుంచి ఛాయాగ్రాహకుడు గారు కేకేశారు. మీ సినిమాల్లో అయితే ఇక్కడ పాట వచ్చేది.

22వ రోజు యూనిట్‌కు సెలవు. సాయంత్రం ఆర్.కె. బీచ్‌లో, కురుసుర జలాంతర్గామి ఎదురుగా, ఇద్దరం ఒకే పొట్లంలోంచి మురీ మిక్చరు తింటున్నాం. యూనిట్ మనిషి ఎవరో ఫోటో తీశారు. రాత్రి తొమ్మిదిన్నరకల్లా అది ప్రొడక్షన్ వాట్సాప్ గ్రూపులో ఉంది. దాని కింద నలభై మందికి పైగా నవ్వు బొమ్మలు పెట్టారు. ఆ గ్రూపులో నేనూ ఉన్నానన్న సంగతి ఎవరికీ గుర్తులేదో, గుర్తున్నా పట్టలేదో తెలియదు.

23వ రోజు తెల్లవారుజామున 5:20కి, టిఫిన్ బండి దగ్గర, నా చేతిలో ఇడ్లీ ప్లేటు ఉండగానే ప్రొడక్షన్ మేనేజరు గారు వచ్చి, “ఇవాళ్టి నుంచి నువ్వు రానక్కరలేదమ్మా” అన్నారు. ఎందుకన్నాను. “నీకు తెలియదా?” అన్నారు. అతని సంగతేమిటని అడిగాను. “కుర్రాడిని ఎలా పంపిస్తాం? ఈ లెన్సులకు ఫోకస్ పట్టేవాడు ఈ ఊళ్లో మళ్లీ దొరకొద్దూ?” అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు, అతను మంచి పనివాడే. నా పనికి మాత్రం ఏడు గంటలకల్లా మనిషి దొరికింది.

అతను ఆ రోజే ఎందుకు దిగిపోలేదని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను, చాలా గట్టిగా అడిగాను. వాళ్ల నాన్న పడవ ఇంజను కోసం చేసిన అప్పు ఉంది, దానికి నెలనెలా కట్టాలి. మధ్యలో దిగిపోతే కెమెరా విభాగంలో ఇంకెవరూ పిలవరు. మిగిలిన 19 రోజులూ పనిచేశాడు. ఆ 19 రోజులు మేము మాట్లాడుకోలేదు. ఈ పేరా తీసేయమని అతను నన్ను అడగలేదు. చదివి, పడవ ఇంజను దగ్గర ఒక అక్షరదోషం మాత్రం దిద్దాడు.

ఇక మీవైపు మాట కూడా చెప్పుకోవాలి. తరువాత ఒక కో-డైరెక్టర్ గారిని కలిస్తే ఆయన నాకు ఓపికగానే వివరించారు. లొకేషన్‌లో ప్రేమలు మొదలైతే పని మీద దృష్టి ఉండదని, షెడ్యూలు మధ్యలో తగవు వస్తే షూటింగే ఆగుతుందని, అమ్మాయి తరఫు వాళ్లు వచ్చి జనరేటర్ వ్యాను ముందు కూర్చున్న సందర్భం తాను చూశానని అన్నారు. ఆయన అనుభవాన్ని నేను కాదనను. రోజుకు లక్షలు ఖర్చయ్యే చోట నిర్మాతకు భయం ఉంటుంది. కానీ నా నోట్‌బుక్కు తిరగేసి చూశాను. ఆ షెడ్యూలులో నా వల్ల జరిగిన కంటిన్యుటీ పొరపాట్లు రెండు. రెండూ మొదటి వారంలోవే, అప్పటికి మేము ఒకరి పేరు ఒకరం కూడా సరిగ్గా తెలియనివాళ్లం. అతనికి ఫోకస్ తప్పిన షాట్లు నాలుగు. అందులో ఒకటి మాత్రం లైట్‌హౌస్ దగ్గరది. ఒప్పుకుంటున్నాం.

ఈ ఒక్క ఉద్యోగం కోసం ఇంత రాయాలా అనిపించవచ్చు. మా ఇద్దరి సంగతి కంటే దీనివల్ల మామూలు మనుషులకు జరుగుతున్నది పెద్దది కాబట్టి రాస్తున్నాను. ఒక్కొక్కటే మీ ముందు పెడతాను.

1. కాగితం లేని పని. మమ్మల్ని ‘లోకల్’ అంటారు. ఈ మాట మా ఊరికి వచ్చే ప్రతి యూనిట్‌లోనూ విన్నాను. హైదరాబాదు నుంచి వచ్చినవారికి గది, ప్రయాణం, బేటా (రోజువారీ ఖర్చుల భత్యం) ఒక లెక్క, లోకల్‌కు ఇంకో లెక్క. నాకు రోజుకు 800 రూపాయలు, బేటా 250. ఇది ఏ కాగితం మీదా లేదు, ఫోనులో చెప్పిన మాట. సినిమా కార్మికుడితో రాతపూర్వక ఒప్పందం లేకుండా పని చేయించుకోకూడదని 1981లోనే సినీ కార్మికుల చట్టం చెప్పింది. ఆడియో విజువల్ కార్మికుల పేరుతో 2020 నాటి కార్మిక స్మృతి కూడా అదే చెబుతోంది. ఒప్పందమే ఉంటే, తీసేయడానికి ఒక కారణం రాయవలసి వచ్చేది. “మురీ మిక్చరు తిన్నందుకు” అని రాయడానికి ఏ మేనేజరుకైనా చేయి ఆడదు. కాగితం లేదు కనుక కారణమూ అక్కరలేకపోయింది.

2. ఇంటి తలుపు. ఆ ఫోటో నాకంటే ముందు గాజువాక చేరింది. మా నాన్న ముప్పై ఏళ్లు షిఫ్టు డ్యూటీలు చేసిన మనిషి, గట్టివారు. నన్ను ఏమీ అనలేదు. మర్నాటి నుంచి సాయంత్రం నడకకు వెళ్లడం మానేశారు. ఉద్యోగం పోవడం కంటే నాకు అది కష్టంగా ఉంది. నాతో చదివిన ఇద్దరమ్మాయిలు సినిమాల్లోకి రావాలనుకున్నారు, ఒకరికి ఎడిటింగ్, ఒకరికి కాస్ట్యూమ్స్. నా సంగతి విన్నాక ఆ ఇద్దరి ఇళ్లలోనూ ఆ మాట ఎత్తడానికి వీల్లేకుండా పోయింది. మగపిల్లవాడి ఫోటో బయటికొస్తే స్నేహితులు భుజం తడతారు. ఆడపిల్లకు వృత్తే మూసుకుపోతుంది.

3. దాపరికం. నేను ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఇదే, కనుక కొంచెం ఎక్కువ రాస్తాను.

యూనిట్‌లో ప్రేమ అంటే పని పోయే నేరం అని అందరికీ తెలుసు. కనుక అందరూ దాస్తారు. వేరువేరు ఆటోల్లో వెళతారు, భోజనాల దగ్గర దూరంగా కూర్చుంటారు, ఫోనులో పేర్లు మార్చి పెట్టుకుంటారు. ఇష్టపడ్డవాళ్లు ఎక్కడ దాక్కుంటారో, వేధించేవాడు కూడా సరిగ్గా అక్కడే దాక్కుంటాడు. బయటి నుంచి చూసేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆ చీకటి వేధించేవాడికే ఎక్కువ పనికొస్తుంది.

నాకు తెలిసిన ఒక అమ్మాయి ఇంకో యూనిట్‌లో కాస్ట్యూమ్స్ విభాగంలో సహాయకురాలిగా పనిచేసేది. పై మనిషి ఒకాయన రాత్రిళ్లు ఫోన్లు చేసేవాడు, బట్టలు ఇస్త్రీ చేసే గదిలోకి పనిలేకుండా వచ్చేవాడు. ఆమె ధైర్యం చేసి చెప్పింది. విన్నవారు వేసిన మొదటి ప్రశ్న, “మీ ఇద్దరి మధ్య ముందు నుంచీ ఏదో ఉందటగా?” రెండోది, “అయితే ఇప్పుడు తగవు వచ్చిందా?” ఆ అమ్మాయికి అదే యూనిట్‌లో వేరే కుర్రాడంటే ఇష్టం. ఆ సంగతి బయటపడితే ఉన్న పనీ పోతుందని తెలుసు కనుక, ఆ ప్రశ్నలకు నోరు విప్పలేకపోయింది. ఫిర్యాదు అక్కడితో ఆగిపోయింది. ఇప్పుడు ద్వారకానగర్‌లో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తోంది.

ప్రేమనూ వేధింపునూ ఒకే గాటన కట్టకండి. రెంటికీ తేడా ఇష్టంలో ఉంది, వద్దన్నప్పుడు ఆగడంలో ఉంది, ఒకరి కూడు ఇంకొకరి చేతిలో ఉందా లేదా అన్నదానిలో ఉంది. ఇంత మాత్రం తెలుసుకోలేని పరిశ్రమ కాదు మనది, యాభై పేజీల స్క్రిప్టులో పాత్రల మనసులు విప్పి చెప్పేవారు మీరు.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి సుప్రీంకోర్టు 1997లో మార్గదర్శకాలిచ్చింది. దాన్ని విశాఖ తీర్పు అంటారు. చదువుకునే రోజుల్లో నేను అది మా ఊరి కేసే అనుకుని కాస్త గర్వపడ్డాను కూడా. తీరా చూస్తే విశాఖ అన్నది రాజస్థాన్‌లోని ఒక మహిళా సంస్థ పేరు. ఆ తీర్పు నుంచి 2013లో చట్టం వచ్చింది. పదిమంది లేక అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, దానికి మహిళే అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు ఉండాలి, బయటి సభ్యులొకరు ఉండాలి. రోజు కూలికి వచ్చినా, కాంట్రాక్టరు ద్వారా వచ్చినా, జీతం లేకుండా పని నేర్చుకోవడానికి వచ్చినా ఆ చట్టం కింద ఉద్యోగులే. యజమాని ఏర్పాటు చేసిన వాహనం కూడా పనిచేసే చోటే. కమిటీ వేయకపోతే 50,000 రూపాయల వరకు జరిమానా ఉంది. సినిమా తీసే ప్రతి యూనిట్‌కూ ఈ కమిటీ ఉండాలని కేరళ హైకోర్టు 2022 మార్చిలో చెప్పింది.

నేను పనిచేసిన యూనిట్లలో ఏ కాల్ షీటు (ఆ రోజు షూటింగు వివరాల కాగితం) మీదా ఆ కమిటీ సభ్యుల పేర్లు చూడలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఫిర్యాదుకు చట్టం మూడు నెలల గడువు ఇస్తుంది, విచారణకు 90 రోజులు ఇస్తుంది. మా షెడ్యూలు 41 రోజులు. ఫిర్యాదు విచారణకు వచ్చేసరికి సెట్టు విప్పేసి ఉంటారు, యూనిట్ గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లిపోయి ఉంటుంది, సాక్షులు నాలుగు సినిమాల్లోకి చెదిరిపోయి ఉంటారు. ఫ్యాక్టరీకి సరిపోయే పద్ధతి మాకు ఉన్నదున్నట్టు సరిపోదు.

నన్ను తీసేయడం 2013 చట్టం కిందికి రాదని ఒక న్యాయవాది గారు చెప్పారు. నిజమే, నన్నెవరూ వేధించలేదు. అందుకే చట్టం కింద ఫిర్యాదు చేయకుండా మిమ్మల్నే అడుగుతున్నాను.

4. పెద్దలకో నీతి, మాకో నీతి. సినిమా విడుదలకు నెల ముందు నాయికానాయకుల మధ్య ఏదో ఉందన్న పుకారు ఎక్కడి నుంచి పుడుతుందో మనందరికీ తెలుసు. ప్రచారం వాళ్లు దాన్ని పెంచి పోషిస్తారు. ఖండించడానికి ఒక సమావేశం, మళ్లీ దాని మీద ఒక వార్త. అక్కడ ప్రేమ టికెట్లు అమ్మిపెడుతుంది. టేపు పట్టుకునేవాడికీ నోట్‌బుక్కు రాసేదానికీ అదే ప్రేమ క్రమశిక్షణారాహిత్యం అవుతుంది. 1978లో వచ్చిన ‘మరో చరిత్ర’ నాటి నుంచీ ప్రేమికులను పరిగెత్తించడానికి మీకు మా భీమిలి తీరమే కావాలి. ఆ తీరంలో పుట్టిన పిల్లలు పనిచేస్తూ ప్రేమిస్తే మాత్రం ఊరుకోరు.

5. ఒప్పందాల్లో చేర్చే షరతులు. కొత్తగా నాయికగా పరిచయమవుతున్న ఒక అమ్మాయి తన ఒప్పందం నాకు చూపించింది. మూడేళ్లు ప్రేమ వ్యవహారాలు ఉండకూడదు, పెళ్లి చేసుకోకూడదు, అతిక్రమిస్తే ఇచ్చిన డబ్బు వెనక్కి ఇవ్వాలి. అమ్మాయి వయసు 21. సంతకం చేసేసింది. ఆ కాగితానికి భయపడి, తన ఊరి నుంచి వచ్చిన బాల్య స్నేహితుడిని హోటలు వరండాలోనే మాట్లాడి పంపించేసింది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం మైనరు కాని ఏ వ్యక్తి వివాహాన్నైనా నిరోధించే ఒప్పందం చెల్లదు. ఇది నూట యాభై ఏళ్ల నాటి మాట. విదేశాంగ శాఖలోని మహిళా అధికారులు పెళ్లికి ముందు అనుమతి తీసుకోవాలన్న నిబంధనను సుప్రీంకోర్టు 1979లోనే తప్పుపట్టింది. పెళ్లి చేసుకుందని 1988లో ఉద్యోగం నుంచి తొలగించిన సైనిక నర్సింగ్ అధికారిణికి 60 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2024 ఫిబ్రవరిలో ఆదేశించింది. చెల్లని షరతని మీ న్యాయ సలహాదారులకు తెలియదని నేను అనుకోను. చెల్లకపోయినా భయపెట్టడానికి పనికొస్తుంది, అందుకే ఉంచుతున్నారు.

6. పోయేది ప్రతిభ కూడా. ఇంత కష్టపడి పని నేర్చుకున్నవాళ్లను ఇలా పోగొట్టుకుంటే నష్టం మాకే కాదు. పరిశ్రమ విశాఖకు రావాలని ప్రభుత్వాలు ఎన్నాళ్లుగానో పిలుస్తున్నాయి. భీమిలి రోడ్డులో కొండ మీద రామానాయుడు స్టూడియో ఉంది, సముద్రం ఉంది, మూడు నాలుగు గంటల దూరంలో అరకు ఉంది. రావలసింది మనుషులు. ఇక్కడ పని నేర్చుకున్న పిల్లలు ఇక్కడే నిలబడితేనే పరిశ్రమ వచ్చినట్టు. ఇప్పటికైతే పని నేర్వడం ఇక్కడ, బతకడానికి హైదరాబాదు కృష్ణానగర్‌లో ఆరుగురు ఒక గదిలో. ఆ గదులు ఆడపిల్లలకు దొరకడం ఇంకా కష్టం.

మరో దక్షిణాది రాష్ట్రం సంగతి మీకు తెలుసు. కేరళలో సినీరంగంలో మహిళల సమస్యల మీద జస్టిస్ హేమ కమిటీని 2017లో వేశారు, 2019 డిసెంబరులో నివేదిక ఇచ్చింది, అది జనం ముందుకు రావడానికి 2024 ఆగస్టు దాకా పట్టింది. మన దగ్గర సినీరంగంలో లైంగిక వేధింపుల మీద తెలంగాణ ప్రభుత్వం వేసిన ఉపసంఘం నివేదికను బయటపెట్టండని అదే ఏడాది నటీమణులే అడగవలసి వచ్చింది. నివేదికలు బీరువాల్లో ఉన్నంతకాలం మాలాంటివాళ్లు టిఫిన్ బండి దగ్గరే తీర్పులు వింటూ ఉంటారు.

కనుక మేము కోరుతున్నవి ఇవి.

1. షెడ్యూలు మొదటి రోజు కాల్ షీటుకు ముందే ప్రతి సహాయకుడికీ, లోకల్ అయినా సరే, ఒక పేజీ ఒప్పందం ఇవ్వాలి. జీతం, బేటా, రోజులు, తీసేయాలంటే చెప్పవలసిన కారణం అందులో ఉండాలి. తెలుగులో ఉండాలి.

2. ప్రేమ, పెళ్లి విషయంలో ఏ ఒప్పందంలోనూ షరతు పెట్టకూడదని నిర్మాతల సంఘం తన సభ్యులకు రాతపూర్వకంగా చెప్పాలి. ఇప్పటికే సంతకాలు చేయించుకున్నవారికి ఆ షరతు వర్తించదని కబురు చేయాలి.

3. ప్రతి యూనిట్‌లో అంతర్గత కమిటీ ఉండాలి. సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు కాల్ షీటు అడుగున, భోజన సమయం ఎక్కడ రాస్తారో అక్కడే అచ్చు వేయాలి. అందరూ చూసేది ఆ చోటే. సినిమా పూర్తయ్యాక కూడా కనీసం ఆరు నెలలు ఆ కమిటీ కొనసాగాలి.

4. ఒకే విభాగంలో ఒకరి జీతం, కొనసాగింపు ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు, ఆ పై మనిషి తన ప్రేమ సంగతి కమిటీకి చెప్పాలి. చెప్పవలసిన బాధ్యత కింది మనిషి మీద పెట్టకూడదు. ఆ తరువాత కింది మనిషి గురించి నిర్ణయాలు వేరొకరు చేయాలి. ఎవరినైనా మార్చవలసి వస్తే పైవారినే మార్చాలి. మా విషయంలో ఇదీ లేదు, అతను కెమెరా విభాగం, నేను దర్శకత్వ విభాగం, ఒకరి మీద ఒకరికి ఏ అధికారమూ లేదు, టేపు మీద తప్ప.

5. సెలవు రోజున సహోద్యోగుల ఫోటోలు తీసి గ్రూపుల్లో పెట్టడాన్ని తప్పుగా పరిగణించాలి. నా ఫోటో పెట్టినవారిని ఒక్క మాట కూడా అనలేదు.

6. కలెక్టర్ గారికి విన్నపం. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట్ల నుంచి, లేదా యజమాని మీదనే వచ్చే ఫిర్యాదులను జిల్లా స్థాయి స్థానిక కమిటీ వినాలని చట్టం చెబుతోంది. ఆ కమిటీ ఎక్కడ కూర్చుంటుందో, ఎవరిని కలవాలో భీమిలిలో, యారాడలో, బీచ్‌రోడ్డులో షూటింగు జరిగే చోట్ల బోర్డు పెట్టించండి. బీచ్‌లోనో ఘాట్‌రోడ్డులోనో షూటింగుకు అనుమతి అడిగే దరఖాస్తుతో పాటు అంతర్గత కమిటీ పేర్లు కూడా అడగండి. పేర్లు లేకపోతే అనుమతి లేదనండి. దీనికి కొత్త చట్టం అక్కరలేదు, దరఖాస్తులో ఒక గడి పెంచితే చాలు.

7. చివరిది మా సొంతం. నాకు 12 రోజుల జీతం, బేటా కలిపి 12,600 రూపాయలు రావాలి. 22 రోజులు ఆ యూనిట్‌లో ఉన్నాను కనుక టైటిల్ కార్డులో నా పేరు ఉండాలి. అతని పేరు ఉంటుందని చెప్పారట. నా పేరు ఏ అక్షరాలతో వేయాలో మొదటి లేఖలోనే రాశాను, ఆ కాగితం మీ కార్యాలయంలోనే ఉంది.

మేము మళ్లీ మాట్లాడుకోవడం మొదలుపెట్టి రెండు నెలలైంది. అతను ఇప్పుడు పెళ్లిళ్ల వీడియోలు తీస్తున్నాడు, నేను ఒక పాఠశాలలో పిల్లలకు నాటకం నేర్పుతున్నాను. ఇద్దరికీ సినిమాయే కావాలి. యారాడలో మరో యూనిట్ వచ్చే నెలలో దిగుతోందని విన్నాం. ఇద్దరమూ పనికి అడగబోతున్నాం, విడివిడిగా కాదు, కలిసి వెళ్లే అడుగుతాం.

ఈ లేఖకు 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం. జవాబు మా ఇద్దరికీ కలిపి ఒకటే రాస్తే చాలు.

ఇట్లు,
ఒక సహాయ దర్శకురాలు, గాజువాక
ఒక ఫోకస్ పుల్లర్, భీమిలి